తెలుగు గైడు గారికి ఒక పాత విద్యార్థి రాయునది

గైడు గారికి నమస్కారాలు.

నన్ను మీరు గుర్తుపట్టరు. కోఠి ఫుట్‌పాత్ మీద మిమ్మల్ని సగం ధరకు బేరమాడి తెచ్చుకున్నవాళ్లలో నేనొకణ్ణి. నాకంటే ముందు చదివిన పుణ్యాత్ముడెవరో ‘వెరీ ఇంపార్టెంట్’ అని గీతలు కొట్టి ఉంచాడు. ఏది ముఖ్యమో ఆలోచించే శ్రమ కూడా తప్పింది.

మీ దయవల్ల ఉత్పలమాల గణాలు ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. భ, ర, న, భ, భ, ర, వ. పాదానికి 20 అక్షరాలు, యతి 10వ అక్షరం. పద్యం ఒక్కటి చదవమంటే మాత్రం గొంతులో వెలక్కాయ.

పోతన గురించీ మీరే చెప్పారు. ఊరు బమ్మెర, కావ్యం భాగవతం, బిరుదు సహజపండితుడు. ఒక్కోదానికీ అరమార్కు. ఆయన శైలి ‘సరళం, సుందరం, మధురం’ అన్నారు. తర్వాతి పాఠం కవిదీ అదే శైలి. ఆ తర్వాతాయనదీ అదే! బమ్మెర మన జనగామ జిల్లాలోనే ఉంది. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరొచ్చు. వెళ్లలేదు, దానికి మార్కుల్లేవు.

బళ్లలో తెలుగు తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వస్తే సంబరపడ్డాను. ఇప్పుడు మా అమ్మాయి పదో తరగతి. తీరా చూస్తే మా ఇంట్లో తప్పనిసరి అయింది తమరే.

మొన్న యూనిట్ టెస్టులో భరతుడి పాత్ర గురించి అడిగారు. ‘అన్న పాదుకలు ముందు పెట్టుకుని పద్నాలుగేళ్లు రాజ్యం చూడటం మాటలా, రాత్రిళ్లు ఆయనకు అన్న మీద కోపం వచ్చే ఉంటుంది’ అని రాసిందట. అయిదుకు రెండు. పక్కన ఎర్ర పెన్నుతో ‘సొంత కవిత్వం వద్దు’.

పిల్ల ఏడుపుముఖంతో వచ్చి, ‘కోపం రాదా నాన్నా?’ అనడిగింది. నేనేమన్నానో తెలుసా? ‘వస్తే వచ్చిందిలే గానీ, గైడులో ఉన్నది రాయమ్మా.’ మీ పెంపకం అలాంటిది.

వచ్చే ఏడు ఇంటర్. మార్కులొస్తాయని అందరిలాగే సంస్కృతం తీసుకుంటుంది. అక్కడ మీ తమ్ముడుగారు ఉంటారట, పరిచయం చేయగలరు.

పరీక్షలవగానే మిమ్మల్ని మళ్లీ కోఠీలోనే దింపేస్తాం. భరతుడి పేజీ అంచున మా అమ్మాయి పెన్సిల్‌తో నాలుగు ముక్కలు రాసుకుంది. చెరిపెయ్యమంటే ససేమిరా అంటోంది. కొనేవాళ్లకు ఇబ్బందైతే మన్నించాలి.

ఇట్లు,
మీ సెకండ్ హ్యాండ్ శిష్యుడు