రాత్రి షిఫ్టు వారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ శీతాకాలపు రాత్రి షిఫ్టు గారికి,

బెంగళూరు నుంచి, నాలుగేళ్లుగా మీ కొలువులో ఉన్న సేవకుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. మన ఇద్దరిలో కుశలంగా ఉన్నది మీరొక్కరే కనుక ఆ మాట సగమే రాశాననుకోండి.

ముందుగా మీ సమయపాలనకు జోహార్లు. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఆ రాత్రి అక్కడివాళ్లకు గంట నిద్ర కలిసొస్తుంది. వసూలు మాత్రం ఇక్కడ. అప్పటిదాకా సాయంత్రం ఆరున్నరకు మొదలయ్యే తమరు, ఆ మర్నాటి నుంచి ఏడున్నరకు కొలువు తీరి తెల్లవారుజామున నాలుగున్నర దాకా సాగుతారు. మళ్లీ మార్చి రెండో ఆదివారం వచ్చేదాకా ఇంతే. చలి ముదిరే నెలల్లోనే తమరికి ఈ బుద్ధి పుట్టడం చూస్తే ముచ్చటేస్తుంది. వీధిలో అందరూ అన్నాలకు కూర్చునే వేళ నేను హెడ్‌ఫోన్లు తగిలించుకుని న్యూయార్కు వాళ్లకు శుభోదయం చెబుతాను. నాలుగేళ్లలో రాత్రిపూట చెప్పిన శుభోదయాలన్నీ ఏ పద్దు కింద రాయాలో చిత్రగుప్తుడే తేల్చుకోవాలి.

తమరి కీర్తి సామాన్యమైనది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లోనే తమరిని ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే జాబితాలో చేర్చింది. 2019లో మరోసారి పరిశీలించి, స్థానం మార్చనక్కర్లేదని తేల్చింది. గొర్రె, మేక మాంసాలదీ అదే జాబితా. మా క్యాంటీనులో శుక్రవారం అర్ధరాత్రి మటన్ బిర్యానీ పెడతారు. ఒకే కూర్చోవడంలో రెండు పుణ్యాలు!

పగటి నిద్ర సంగతి కూడా మనవి చేస్తాను. 1729లో ఫ్రాన్సులో మేరాన్ అనే ఖగోళ శాస్త్రవేత్త అత్తిపత్తి మొక్కను తీసుకెళ్లి చీకట్లో పెట్టాడట. ఎండ ముఖం చూడకపోయినా అది పగటివేళకు ఆకులు విప్పి, రాత్రికి ముడుచుకునేదట. ఆ ప్రయోగం నా అద్దె గదిలో రోజూ జరుగుతోంది. కిటికీకి రెండు పొరల నల్ల కర్టెన్లు, సందుల్లో పాత దినపత్రికలు. అయినా పదిగంటలయ్యేసరికి నా కళ్లు అత్తిపత్తి ఆకుల్లా విచ్చుకుంటాయి. ఒకవేళ విచ్చుకోకపోతే పక్కింటి కుక్కరు ఉంది, ‘సొప్పు, సొప్పు’ అని అరుచుకుంటూ పోయే ఆకుకూరల బండి ఉంది.

ఈ సంక్రాంతికి ఊరు వెళ్తానని అడిగాను. ఆ పండుగ కస్టమరు క్యాలెండరులో లేదన్నారు. సరే. జనవరి మూడో సోమవారం మాత్రం, అడక్కుండానే సెలవు వచ్చింది. మార్టిన్ లూథర్ కింగ్ గారి పుట్టినరోజు సందర్భంగా అమెరికాలో సెలవట. మా ఊరి గంగిరెద్దుకు దొరకని గౌరవం ఆయనకు దొరికినందుకు నాకేమీ ఈర్ష్య లేదు. మహానుభావుడు, జనం విముక్తి కోసం పాటుపడ్డవాడు. నాకూ ఒక రాత్రి విముక్తి ఇప్పించాడు.

ఆ రోజే లాల్‌బాగ్‌కు వెళ్లాను. గణతంత్ర దినోత్సవం పేరిట ఏటా జనవరిలో అక్కడ పూల ప్రదర్శన జరుగుతుంది. ఎప్పుడో 1760లో హైదరాలీ మొదలుపెట్టించిన తోట అది. దాని నడుమ గాజు మేడ ఉంది. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌ను చూసి కట్టారు, 1889లో శంకుస్థాపన. లోపల నిలబడి తలెత్తితే పైనుంచి వెలుతురు ధారగా దిగుతుంది. మా ఆఫీసూ గాజు మేడే, పైగా పధ్నాలుగు అంతస్తులు. కాకపోతే ఆ గాజుకు నల్లరంగు పూత వేశారు. అంత గాజు పెట్టింది దేనికో, అందులోంచి ఏమీ కనిపించకుండా చేసింది దేనికో కట్టినవాళ్లనే అడగాలి.

మేడ మధ్యలో పూలతో పేద్ద కట్టడం నిలబెట్టారు. దాని చుట్టూ ఎత్తిపట్టిన ఫోన్లే గోడలా ఉన్నాయి, కాపలావాళ్లు ఈలలు వేస్తూ జనాన్ని ముందుకు తోస్తున్నారు. నేను పక్కకు జరిగి కుండీల వరుసల్లోకి వెళ్లాను. అక్కడ ఒక పచ్చ ముద్దచామంతి కనిపించింది. అరచేతిలో పట్టనంత పువ్వు. కింది రేకులు విచ్చుకున్నాయి, నడిమి రేకులు ఇంకా పిడికిలిలా లోపలికి ముడుచుకునే ఉన్నాయి. ఎవరూ చూడకుండా ఒక ఆకు కొస నలిపి వాసన చూశాను. ఘాటుగా, కాస్త చేదుగా, మా ఊరు కడియంలోని పెరటి వాసన. ఎదురుగా బెంచీ ఖాళీగా ఉంటే కూర్చున్నాను. అంతవరకే గుర్తు.

మధ్యాహ్నం పన్నెండు అంటే నాకు నడిరేయి కదా. అన్ని వేలమంది మధ్య, అంత వెలుతురులో, ఈ చలికాలం మొత్తానికీ అంత గాఢమైన నిద్ర పట్టలేదు. ఎవరో భుజం తట్టి ‘ఏళు, ఏళు’ అన్నారు. కన్నడంలో ఏళు అంటే లేవమని. ఏడు అని కూడా అదే మాట. నిద్రమత్తులో నాకు రెండో అర్థమే తోచింది. ఏడయిందా, క్యాబు వెళ్లిపోయిందా అని గుండె గుభేలుమని, చెప్పులు వదిలేసి నాలుగడుగులు పరుగెత్తాను. వాచ్‌మన్ నన్ను చూసి భయపడ్డాడు. పాపం, అతని తప్పేమీ లేదు.

సాయంత్రం అమ్మకు ఫోను చేసి ఆ చామంతి సంగతి చెప్పాను. అమ్మ అంది: “మన ప్రహరీ పక్క చామంతి ఈ ఏడు ఒక్క మొగ్గ వెయ్యలేదురా. పంచాయతీ వాళ్లు కొత్త వీధిదీపం పెట్టారు, తెల్లవార్లూ దాని నెత్తినే వెలుతురు. ఏపుగా పెరుగుతోందే కానీ పూత లేదు. మొన్న తీసి బావి వెనక చీకట్లో పెట్టాను.” కాసేపాగి, “నిన్ను కూడా బావి వెనక పెట్టాలి. సంబంధం వాళ్లు మధ్యాహ్నం రెండింటికి ఫోను చేస్తే అబ్బాయి పడుకున్నాడని చెప్పలేక చస్తున్నాను” అంది.

తమరికి ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటి చెప్పనా? ఈ విద్యను శాస్త్రంగా రాసిపెట్టింది అమెరికావాళ్లే. గార్నర్, అలార్డ్ అని ఆ దేశపు వ్యవసాయ శాఖలో ఇద్దరు శాస్త్రవేత్తలు. పగటి నిడివిని బట్టి మొక్కలు పూస్తాయని 1920లో ప్రకటించారు. అసలు లెక్క పగటిది కాదు, రాత్రిదని తర్వాతివాళ్లు తేల్చారు. చామంతికి తెగని పొడుగాటి చీకటి కావాలి. నడిరాత్రి కాసేపు దీపం వెలిగించినా రాత్రి రెండు ముక్కలైందనుకుని మొగ్గ మానేస్తుంది.

బెంగళూరు చుట్టుపక్కల రైతులకు ఇది బాగా తెలుసు. చామంతి చేలలో తీగలు లాగి వరుసగా బల్బులు వేలాడదీస్తారు. రాత్రిపూట దూరం నుంచి చూస్తే ఏదో తిరునాళ్లనుకుంటాం. మొక్కను తొందరపడి పూయనివ్వకుండా, కాడ చాలినంత ఎదిగేదాకా అలా మేలుకొలిపి ఉంచుతారు. ఎదిగాక బల్బులు ఆర్పేస్తారు. మొక్కను మోసం చేయడమే, కాదనను. కానీ ఆ రైతుకు బల్బు ఎప్పుడు ఆర్పాలో వేళ్ల మీద లెక్క ఉంటుంది.

తమరు నా నెత్తిన దీపం వెలిగించి నాలుగేళ్లయింది. కాడ బాగానే ఎదిగింది. పేరు ముందు ‘సీనియర్’ చేరింది, తర్వాత దాని ముందు ఇంకో ‘సీనియర్’ చేరింది. షిఫ్టు భత్యం కూడా ఏటా చిగురిస్తోంది. ఆర్పే తేదీ ఎప్పుడని మా మేనేజరు గారిని అడిగాను. ఆయన ఆ ప్రశ్నకు టికెట్ నంబరు ఇచ్చారు.

ఇట్లు,
తమ విధేయుడు,
మొగ్గ తొడగని చామంతి

తా.క.: వచ్చేటప్పుడు తోట దగ్గర ఒక చిన్న చామంతి మొక్క కొన్నాను. మా బాల్కనీకి ఎదురుగానూ వీధిదీపమే. అందుకని కిటికీకున్న రెండు నల్ల కర్టెన్లలో ఒకటి ఊడదీశాను. రోజూ క్యాబు ఎక్కేముందు దాన్ని మొక్క మీద కప్పి, తెల్లవారుజామున రాగానే తీస్తున్నాను. తమ అనుమతి లేకుండా మా ఇంట్లో ఒకరికి రాత్రి సెలవు మంజూరు చేసినందుకు క్షమించగలరు.