తిట్టు దగ్గర కాదు, ఆ తర్వాతే అసలు నేరం

ముందు వెళ్తున్న కారు ఇండికేటర్ వేయకుండా ఒక్కసారిగా పక్కకు తిరుగుతుంది. సడన్ బ్రేక్ వేసిన డ్రైవర్ నోట బూతు రానే వస్తుంది. అద్దాలు ఎత్తి ఉంటే ఆ మాట విన్నది స్టీరింగ్ ఒక్కటే. అది ఫిర్యాదు చేయదు. అద్దం దించి ఎదుటి మనిషి మొహం మీదే అంటే మాత్రం కథ వేరు.

ఎంత వేరన్నది దేశాన్ని బట్టి ఉంటుంది. జర్మనీలో శిక్షాస్మృతి 185వ సెక్షన్ ప్రకారం అవమానించడమే నేరం. తోటి డ్రైవరుకు మధ్యవేలు చూపినా కేసే. జరిమానాను ఆదాయాన్ని బట్టి లెక్కగడతారు కాబట్టి ఒకే తిట్టు చిరుద్యోగికి ఒక రేటు, కోటీశ్వరుడికి ఇంకో రేటు. బ్రిటన్ 1986 నాటి పబ్లిక్ ఆర్డర్ చట్టం ఐదో సెక్షన్ నుంచి 'అవమానకర' మాటలను 2014లో తప్పించింది, దూషణను, బెదిరింపును ఉంచింది. అమెరికాలో ఒక మహిళకు పోలీసు అధికారి చిన్న తప్పు కింద టికెట్ రాసి వదిలేశాడు. వెళ్తూ ఆమె మధ్యవేలు చూపింది. ఆయన మళ్లీ ఆపి ఓవర్ స్పీడ్ కేసుగా మార్చాడు. ఆ వేలు భావప్రకటన స్వేచ్ఛ కిందికే వస్తుందని 2019లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తేల్చింది.

భారత్‌లో బహిరంగంగా బూతులాడి ఇతరులను ఇబ్బందిపెడితే, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ కింద 3 నెలల వరకు జైలు. అయితే తిట్టుపదం ఉన్నంత మాత్రాన అశ్లీలం అయిపోదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. సబబైన మాటే. కోపంలో జారిన ప్రతి మాటకూ కేసు కడితే స్టేషన్లు చాలవు.

అందుకే తిట్టు కోసమే కొత్త చట్టం తేవాలన్న వాదనతో మేం ఏకీభవించం. ప్రాణాలు తీసేది నోరు కాదు. తిట్టాక యాక్సిలరేటర్ తొక్కి వెంటపడటం, ఓవర్‌టేక్ చేసి కావాలని ముందు బ్రేక్ వేయడం, సిగ్నల్ దగ్గర దిగి తలుపు లాగడం ఉన్నాయే, అవీ ప్రమాదం. వాటికి ప్రమాదకర డ్రైవింగ్, బెదిరింపు సెక్షన్లు ఇప్పటికే ఉన్నాయి. పోలీసులు ముందు వాటిని వాడాలి.

అన్ని తిట్లనూ ఒకే గాటన కట్టడానికీ లేదు. మహిళా డ్రైవరును కించపరిచే మాటకు న్యాయ సంహిత 79వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు శిక్ష ఉంది. దళితులను, గిరిజనులను నలుగురిలో కులం పేరుతో దూషిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. ఇలాంటి నేరాల్లో ఎఫ్ఐఆర్ తప్పనిసరని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. 'రోడ్డు మీద ఇవన్నీ మామూలే, రాజీపడండి' అంటూ బాధితులను తిప్పి పంపే అధికారం ఏ స్టేషన్‌కూ లేదు.