పప్పు నురుగు యూరిక్ యాసిడ్ కాదు, ఆ మెసేజ్ ఫార్వర్డ్ చెయ్యకండి

ఏ ఫ్యామిలీ గ్రూప్ తెరిచినా ఇదే మెసేజ్ తిరుగుతుంది, పప్పు వండేటోళ్లకు చిట్కాలంట. కుక్కర్ల వచ్చే నురుగు యూరిక్ యాసిడ్ కాబట్టి కుక్కర్ మానెయ్యాలి, ఉప్పు ముందే వేస్తే పప్పు ఉడకదు, ఉడకకుంటే వంటసోడా వెయ్యాలి, ఉప్పెక్కువైతే ఆలుగడ్డ పీల్చేస్తది. ఇది నమ్మి కుక్కర్ అటకెక్కించి గిన్నెల గంటలకొద్దీ గ్యాస్ కాలుస్తున్నరు మా కాలనీల, అందుకే రాస్తున్న.

ముందు నురుగు. పప్పుల ఉండే ప్రొటీన్లు, సపోనిన్లు (సబ్బులెక్క నురుగొచ్చే పదార్థాలు) నీళ్లల్ల మరిగితే పొంగుతయి, అంతే. యూరిక్ యాసిడ్ అనేది మనం తిన్న తిండిల ఉండే ప్యూరిన్లు అనే పదార్థాలు అరిగినంక మన ఒంట్ల తయారయ్యేది, పప్పుల నుంచి నురుగులా బయటికొచ్చేది కాదు. నురుగుతోని ఉన్న అసలు ఇబ్బంది ఏందంటే విజిల్ రంధ్రానికి అడ్డం పడ్తది, కాబట్టి కుక్కర్ సగానికి మించి నింపొద్దు, ఒక చెంచా నూనె వెయ్యండి. మన హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, గిన్నెల నీళ్లు 98 డిగ్రీల దగ్గర్నే మరుగుతయి, కుక్కర్ల 120 దాకా పోతది, మరి ఎందుకు వదులుకోవాలె?

ఉప్పు మాట కూడా తప్పే. పప్పును గట్టిగ చేసేవి వేరే రెండు, బోరు నీళ్లు, పులుపు. బోరు నీళ్లల్ల కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటయి, అవి గింజల ఉండే పెక్టిన్ అనే జిగురును పట్టుకుని మెత్తబడనియ్యవు, అందుకే అదే కందిపప్పు మంజీర నీళ్లు వచ్చే ఇంట్ల వెన్నలా ఉడుకుతది, బోరున్న అపార్ట్‌మెంట్‌ల ఆరు విజిల్స్ వచ్చినా పలుకు పలుకుగనే ఉంటది. పప్పు వరకన్నా నల్లా నీళ్లో ఫిల్టర్ నీళ్లో వాడి చూడండి, తేడా మీకే తెలుస్తది. ఇగ పులుపు. పుంటికూర, చింతపండు పప్పుతోనే కుక్కర్ల పడేస్తే అది సరిగ ఉడకదు. ఖట్టీ దాల్ వండే పాతబస్తీ ఇండ్లల్ల చూడండి, పప్పు మెత్తగ ఉడికి మెదిపినంకనే చింతపండు పులుసు పోస్తరు, ఆ మీదనే బగార. పుంటికూర కూడా పక్కన మగ్గించి కలపండి. షాపుల ఏండ్లకు ఏండ్లు పడున్న పాత పప్పైతే మాత్రం ముందుగాల నానబెట్టాల్సిందే.

సోడా వేస్తే మెత్తబడేది నిజమే, కానీ బి1 విటమిన్ పోతది, కొంచెం ఎక్కువైతే సబ్బు రుచి.

ఆలుగడ్డ ఉప్పును ఒక్కదాన్నే పీల్చదు, ఉప్పునీళ్లను పీలుస్తది, మిగిలిన పప్పు అంతే ఉప్పగ ఉంటది. తగ్గాలంటే ఉప్పులేని పప్పో నీళ్లో కలపాలె. అందుకే మెదిపేటప్పుడు ఉప్పెయ్యక ముందే ఒక గరిటెడు పప్పు పక్కకు తీసి పెట్టుకోండి, రుచి చూసినంక అవసరమైతే అదే కలపొచ్చు.