కింద రాశాం కదండీ!

మన దేశంలో ముద్రణ కళ ఎంత ఎత్తుకు ఎదిగిందో చూడాలంటే మ్యూజియానికి పోనక్కర్లేదు. 2022 జులై తర్వాత మూడేళ్ల పాటు మెడికల్ షాపుల్లో అమ్మిన పళ్లరసం టెట్రా ప్యాకు ఒకటి సంపాదించి, భూతద్దం పట్టుకుని కూర్చుంటే చాలు. ముందువైపు రోడ్డుకు అవతలి నుంచి కూడా కనబడేలా 'ఓఆర్ఎస్' అనే అక్షరాలు, అంటే విరేచనాలైతే తాగించే ఉప్పూ గ్లూకోజ్ పొడి మందు పేరు, వాటికి కంపెనీ వారు తగిలించిన ఓ తోక. ఇంకెక్కడో చీమ తలకాయంత అక్షరాల్లో 'ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఓఆర్ఎస్ ఫార్ములా కాదు' అనే వాక్యం. పైన అబద్ధం, కింద నిజం. రెండూ ఒకే డబ్బా మీద, సర్కారు వారి అనుమతితో.

దీన్ని మోసం అనేవాళ్లున్నారు. అది తొందరపాటు. మోసగాళ్లయితే నిజం దాచేస్తారు. వీళ్లు దాచలేదు. కనబడకుండా రాశారు, అంతే.

2022 ఏప్రిల్‌లో ఆహార భద్రతా సంస్థ, అదే ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఇలాంటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే మాట వాడొద్దంది. మూడు నెలలు గడిచాయో లేదో, జులై 14న మాట మార్చింది. పేరుకు ముందో వెనకో ఏదైనా చేర్చుకుని, 'ఇది అది కాదు' అని ఓ వాక్యం రాసుకుంటే వాడుకోవచ్చంది. ఆ మూడు నెలల్లో వాళ్లకు ఏ బోధివృక్షం దొరికిందో అడగొద్దు. జ్ఞానోదయానికి ఆర్టీఐ వర్తించదు.

ఇంత గొప్ప సూత్రాన్ని పళ్లరసాలకే పరిమితం చేయడం నాకు నచ్చలేదు. పెళ్లి సంబంధాలకూ వర్తింపజేయాలి. పేరయ్య గారు బయోడేటా తెచ్చారనుకోండి. పైన బొద్దు అక్షరాల్లో 'అబ్బాయి డాక్టర్'. అమ్మాయి తండ్రి పొంగిపోయి, ముహూర్తం పెట్టించి, ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు కట్టి, అప్పు చేసి మరీ పెళ్లి చేశాడు. మూడు ముళ్లూ పడ్డాయి. అప్పగింతల వేళ పెళ్లికూతురి మేనమామ కళ్లజోడు సవరించుకుని ఆ బయోడేటా అడుగున ఏదో గీతలా ఉందేమిటని చూశాడు. ప్రతి పెళ్లిలోనూ ఇలా దొరికిన కాగితమల్లా చదివే మనిషి ఒకడుంటాడు, కాకపోతే ఆలస్యంగా చదువుతాడు. గీత కాదది, వాక్యం. 'ఈ వరుడు వైద్య మండలి గుర్తించిన డాక్టర్ కాదు.'

"బావగారూ, ఏంటండీ ఇది?"

"కింద రాశాం కదండీ."

"పైన డాక్టర్ అని రాశారుగా!"

"అది మావాడి ముద్దుపేరండీ. ట్రేడ్‌మార్కు కూడా తీసుకున్నాం."

"మరి అబ్బాయి ఏం చేస్తాడు?"

"పళ్లరసం అమ్ముతాడు. ఆపిల్, ఆరెంజ్, రెండూ ఉన్నాయి."

"రేపు మా పిల్లకు జబ్బు చేస్తే?"

"తియ్యగా మాట్లాడతాడండీ."

పెద్దమనుషులు కూర్చుని, చెల్లదు పొమ్మన్నారు. అప్పుడు పెళ్లికొడుకు తండ్రి చేతులు జోడించి ఏమన్నాడంటే: "తప్పే బావగారూ. కానీ ఆల్‌రెడీ శుభలేఖలు అచ్చేశాం, పిండివంటలు చేయించాం. ఉన్న స్టాకు అయిపోయేదాకా కాపురం చేయనివ్వండి."

ఈ ఆఖరి మాట నేను కల్పించింది కాదు. 2025 అక్టోబరు 14న ఎఫ్ఎస్ఎస్ఏఐ తన పాత అనుమతులన్నీ రద్దు చేసి, తోక ఉన్నా లేకున్నా ఆ పేరు పెట్టడానికి వీల్లేదంది. వెంటనే కంపెనీలు ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాయి. అడిగింది దాదాపు ఇదే. ఇప్పటికే తయారైన సరుకుంది, అమ్ముకోనివ్వండి అని. సరుకంటే ఏది? విరేచనాలవుతున్న పిల్లలకు పట్టకూడదని తేలిన సరుకే. నెలాఖరుకల్లా కోర్టు కుదరదంది కాబట్టి సరిపోయింది.

అసలు ఓఆర్ఎస్‌లో బ్రహ్మ విద్యేమీ లేదు. లీటరు నీళ్లకు 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్. కిటుకంతా ఆ కొలతలోనే. గ్లూకోజ్, సోడియం జంటగా వస్తే పేగు గోడ వాటిని సులువుగా లోపలికి రానిస్తుంది, వాటి వెనకాలే నీళ్లూ వస్తాయి. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో, పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్‌లో, కలరాతో జనం పిట్టల్లా రాలిపోతుంటే, సెలైన్ సీసాలు నిండుకుంటే, దిలీప్ మహాలనబిస్ అనే డాక్టరు డ్రమ్ముల్లో ఈ ఉప్పూ గ్లూకోజ్ నీళ్లు కలిపి తాగించాడు. నూటికి ముప్పై మంది దాకా పోతున్న చోట మరణాలు నాలుగు లోపుకు దిగాయి. ఆ డ్రమ్ములకు స్ట్రాలు లేవు.

ఇప్పుడు ఆ తియ్యని డబ్బా సంగతి. వాటిలో కొన్నింట లీటరుకు 120 గ్రాముల దాకా చక్కెర ఉందని హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఎత్తిచూపారు. తొమ్మిది రెట్లు. చక్కెర అంత చిక్కగా పేగులోకి దిగితే నీళ్లు ఒంట్లోకి పోవడం మాట అటుంచి, ఒంట్లో ఉన్నవే పేగులోకి వచ్చేస్తాయి. పిల్లకు మోషన్స్ ఎక్కువవుతాయి. ఎక్కువయ్యాయి కదా అని తల్లి ఇంకో డబ్బా తెప్పిస్తుంది. వ్యాపారం అంటే ఇది కదా!

ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు. ఆ చిన్న అక్షరాల వాక్యం ఎవరి కోసం రాశారు? రాత్రి తొమ్మిదింటికి, కళ్లు లోపలికి పోయిన పిల్లను భుజాన వేసుకుని, చేతిలో చిల్లర పట్టుకుని వచ్చిన మనిషి కోసమా? ఆవిడకు ఇంగ్లీషు రాదు, వచ్చినా ఆ వెలుతురులో అది కనబడదు. ఆ సంగతి రాసినవాడికి తెలుసు, రాయమన్నవాడికీ తెలుసు. అది తల్లి కోసం రాసింది కాదు. రేపు ఎవరైనా కేసు వేస్తే జడ్జిగారికి చూపించడానికి రాసిపెట్టుకున్న వాక్యం. ఎండిపోతున్న పసిపిల్ల నోట్లో కూల్‌డ్రింకు పోయించి, రసీదు ముందుగానే తయారు చేసుకున్నారు. సిగ్గుండాలి!

దీని మీద ఆ డాక్టరమ్మ ఎనిమిదేళ్లు కొట్లాడారు. ఉత్తరాలు రాశారు, వీడియోలు చేశారు, తెలంగాణ హైకోర్టులో పిల్, అదే ప్రజాప్రయోజన వ్యాజ్యం, వేశారు. ఆఖరికి ఉత్తర్వు వచ్చినప్పుడు కెమెరా ముందు ఏడ్చేశారు. ఒక డబ్బా మీది పేరు తీయించడానికి ఒక మనిషికి ఎనిమిదేళ్లు! పెట్టుకోవడానికి వాళ్లకు మూడు నెలలు చాలాయి.

చిన్న అక్షరాలతో పిల్లల్ని కాపాడటం మనకు అలవాటైన విద్యే లెండి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని సీసా మీద రాయమని 2023 డిసెంబరులో చెప్పారు. రాశారేమో. కౌంటరు దగ్గర మాత్రం "బాబుకు ఎన్నేళ్లు?" అని అడగరు, "పెద్ద సీసానా, చిన్నదా?" అని అడుగుతారు. కోడీన్ దగ్గు మందు, ట్రమడాల్, ఆల్ప్రజోలం లాంటి మత్తుకు అలవాటు చేసే మందుల మీద ఎర్ర గీతల పెట్టెలో షెడ్యూల్ హెచ్1 హెచ్చరిక ఉంటుంది. డాక్టరు చీటీ ఉంటేనే ఇవ్వాలి, ఎవరికి ఇచ్చారో రిజిస్టరులో రాయాలి, దాన్ని మూడేళ్లు దాచాలి. ఇంటర్ కుర్రాడు వచ్చి అడిగితే ఆ రిజిస్టరు బీరువా మీద నిద్రపోతుంటుంది. ఏమన్నా అంటే, దాని మీద రాసుంది కదండీ!

మొన్న మా వీధి చివర మెడికల్ షాపుకెళ్లి ఓఆర్ఎస్ అడిగాను. కుర్రాడు ఫ్రిజ్ తలుపు తీసి ఓ డబ్బా బల్ల మీద పెట్టాడు. కొత్త పేరు, పాత రంగులు, పక్కన అదే ఆపిల్ బొమ్మ. "పొడి ప్యాకెట్ కావాలి బాబూ" అన్నాను. "అదే సార్, పేరే మారింది" అన్నాడు. వాడి ముఖంలో కల్మషం లేదు. వాడికి మూడేళ్లు అలాగే నేర్పారు. పొడి ప్యాకెట్ కోసం స్టూలు వేసుకుని పై అరలో వెతకాల్సి వచ్చింది.

ఆ పొడి ఆశా కార్యకర్త దగ్గరా, పీహెచ్‌సీలోనూ ఊరికే ఇస్తారు. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. సగం పొడి గ్లాసులో వేసి, మిగతాది మడిచి పోపులపెట్టెలో పెట్టడం కుదరదు. కలిపింది ఇరవై నాలుగు గంటల్లో వాడేయాలి. చెంచా చెంచాగా పట్టాలి, కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. డాక్టరు జింక్ రాస్తే, మోషన్స్ మూడో రోజే ఆగినా పద్నాలుగు రోజులూ వేయాలి. పిల్ల మగతగా పడి ఉన్నా, గంటల తరబడి ఒంటికి పోయకున్నా, విరేచనంలో రక్తం కనబడినా ఆస్పత్రికే పోవాలి. దారిలో మెడికల్ షాపు వాళ్లు ఏ ఫ్లేవర్ కావాలని అడిగితే ఆగి సమాధానం చెప్పకండి.