అద్దె కట్టని హమ్ గారికి

హమ్ గారూ, నమస్కారం.

నా చేతులతో కట్టుకున్న యాంప్లిఫైయర్‌లో మీరు కాపురం పెట్టి మూడు వారాలైంది. పాట వస్తున్నంతసేపూ తలుపు చాటున ఉంటారు. అది ఆగగానే స్పీకర్‌లో గుంయ్‌మనే రొదగా ముందుగదిలోకి వచ్చేస్తారు. పోనీ తంబూరా అనుకుందామంటే ఏ రాగానికీ కలవని శ్రుతి మీది.

మొదట పాపమంతా కరెంటులో ఎగుడుదిగుళ్లని సాపు చేసే ఫిల్టర్ కెపాసిటర్ల మీద వేశాను. 4700 మైక్రోఫారడ్‌లు పీకి 10000వి పెట్టాను. మీరు చెక్కుచెదరలేదు. అప్పుడుగానీ మీ గొంతు సరిగ్గా వినాలని తోచలేదు. సెకనుకి 50 సార్లు ఊగే (50 హెర్ట్జ్) ఇంటి కరెంటు, ఏసీని డీసీ చేసే ఫుల్ వేవ్ రెక్టిఫైయర్ దాటితే మిగిలే ఎగుడుదిగుడు, అంటే రిపుల్, 100 దగ్గర పలుకుతుంది. మీరు పలికేది 50 దగ్గర. పాపం, కెపాసిటర్లని అనవసరంగా అనుమానించాను. గారెలా గుండ్రంగా ఉండే టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్‌ని బోల్టు మీద కాస్త తిప్పితే మీరు కొంచెం తగ్గారు, ఇంకాస్త తిప్పితే మళ్లీ పెరిగారు.

"ఎర్త్ పిన్ పీకెయ్, పోతుంది" అన్నాడో మిత్రుడు. నిజమే, మీరు పోయినా పోతారు. ఏదో ఒకరోజు లోపల కరెంటు వైరు ఊడి యాంప్లిఫైయర్ లోహపు డబ్బాకి తగిలితే నేనూ మీ వెనకే వస్తాను. అంత స్నేహం మనకొద్దు.

వాల్యూమ్ సున్నాకి తిప్పితే మీరు మాయం. ప్లేయర్ కేబుల్ తీసేసి, ఇన్‌పుట్‌ రెండు కొసలూ కలిపేసి (షార్ట్ చేసి), వాల్యూమ్ పెంచితే ప్రత్యక్షం. అంటే ప్లేయర్ తప్పేం లేదు. మీ మకాం ఆ కేబుల్ గుచ్చే సాకెట్‌కీ వాల్యూమ్ కంట్రోల్‌కీ మధ్య ఉన్న, లోహపు అల్లిక తొడుగున్న జానెడు షీల్డ్ వైరులో!

కరెంటు తీసేసి, సాకెట్ దగ్గర ఆ వైరు ఊడదీసి, రెండు మొనల మధ్య దారి ఉంటే బీప్‌మనే మల్టీమీటర్ ఒక మొన సాకెట్ బయటి రింగుకి, రెండోది డబ్బాకి ఆనించాను. నోరు మూసుకోవాల్సిన మీటర్ బీప్‌మంది. గ్రౌండ్, అంటే సిగ్నల్ తిరుగు దారి, ఒకసారి సాకెట్ దగ్గర, ఇంకోసారి బోర్డు వైపు నుంచి డబ్బాని తాకుతోంది. నడుమ ఏర్పడిన లూప్‌లో ట్రాన్స్‌ఫార్మర్ మిమ్మల్ని ఉయ్యాల ఊపుతోంది.

సాకెట్ డబ్బాని తాకకుండా అడ్డుపెట్టడానికి, సాకెట్లతో పాటు వచ్చిన ప్లాస్టిక్ వాషర్లు గుర్తున్నాయా? ఎక్స్‌ట్రా ఇచ్చారనుకుని స్క్రూల డబ్బాలో పడేశాను. మూడు వారాలుగా మీకు ఆశ్రయమిచ్చింది నేనే అన్నమాట.

నిన్న వాషర్లు బిగించాను. మీరు సెలవు తీసుకున్నారు. ఇప్పుడు స్పీకర్‌కి చెవి ఆనిస్తే సన్నగా "స్స్..." అని వినిపిస్తోంది.

ఈ హిస్ గారు మీకేమవుతారు?

ఇట్లు,
చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఇంకా దించని మీ మాజీ ఇంటి యజమాని