శాంపిల్ సీసా గారికి ఒక విన్నపం

రణస్థలం మండలం,
శ్రీకాకుళం జిల్లా.

మహారాజశ్రీ శాంపిల్ సీసా గారికి,

గెడ్డ మొగ దగ్గరి జనం, అంటే ఫ్యాక్టరీ మురుగు కలిసే వాగు సముద్రంలో పడే చోట ఉండేవాళ్ళం, నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరి క్షేమం గురించి మాకు బెంగ లేదు. ఐసు పెట్టెలో పడుకోబెట్టి, కుదుపు తగలకుండా జీపులో తీసుకెళ్ళే మనుషులున్నారు తమరికి. మా క్షేమం సంగతే కొంచెం కనుక్కుందామని ఈ ఉత్తరం.

గెడ్డ నీళ్ళని పరీక్షకి పట్టుకెళ్ళడానికి తమరొస్తే వంతెన మీద సందడే సందడి. తాడు కట్టిన బకెట్టు కిందకి జారుతుంది. ఆ గెడ్డ నీళ్ళతోనే తమరిని కడిగి పారబోస్తారు, మళ్ళీ నింపుతారు. లోహాలు తమరి గోడలకి అంటుకుపోకుండా నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేసి మూత బిగిస్తారు. తడి చేత్తో లేబుల్ మీద తేదీ రాస్తే అది కాస్తా అలుక్కుపోతుంది. ఇంత మర్యాద మా ఊళ్ళో పెళ్ళికొడుక్కి కూడా జరగదు. కొన్నాళ్ళకి రిపోర్టు వస్తుంది. సీసం బీడీఎల్, కాడ్మియం బీడీఎల్, క్రోమియం బీడీఎల్. అంటే మిషనుకి అందేంత కూడా లేదని. ఫ్యాక్టరీ వాళ్ళకీ ఆఫీసు వాళ్ళకీ ఒకేసారి టెన్షన్ తీరిపోతుంది.

తమరు అబద్ధమాడారని మేం అనం. చూసిందే చెప్పారు. కానీ తమరు చూసింది పైనున్న నీళ్ళని.

ఈ లోహాలు పారే నీళ్ళలో ఎక్కువసేపు నిలబడవు కదండీ. సన్నటి ఒండ్రుకి అతుక్కుని అడుక్కి దిగిపోతాయి. దిగాక కుళ్ళవు, ఆవిరైపోవు. ఫ్యాక్టరీ ఎప్పుడో అర్ధరాత్రి వదిలింది ఇవాళ్టికీ అక్కడే కూర్చుని ఉంటుంది. పీత ఆ బురదలోనే కాపురం, గుల్లలకీ అక్కడే తిండి, వాటితో మా ఇంట్లో కూర. తాగే నీళ్ళలో సీసం లీటరుకి 0.01 మిల్లీగ్రాము, కాడ్మియం 0.003 దాటకూడదని మన దేశంలో లెక్క ఉంది. బాగుంది. బురదకి అలాంటి అంకె ఒకటి చూపించిన పెద్దమనిషి మాకింతవరకు తగల్లేదు.

చేపలు తెల్లగా తేలిన రోజున మాత్రం అందరూ పరిగెత్తుకొస్తారు. నిజం చెప్పాలంటే చేపలు అలా గుంపుగా చావడం ఎక్కువగా నీళ్ళలో ఆక్సిజన్ అయిపోయి. లోహం అంత అల్లరి చేసి రాదు.

మన వైపు వాళ్ళకి లోహం కొత్తేమీ కాదు. దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే ఈ ప్రాంతంలో, 1892లో. మట్టిలోంచి లోహం తియ్యడం నూట ముప్పై ఏళ్ళుగా వచ్చు. గెడ్డలోంచి తియ్యమంటేనే చేతకాదు.

శుభ్రం చేస్తామని ఎవరైనా అన్నా మాకు భయమే. మనకి తెలిసిన శుభ్రం జేసీబీ ఒక్కటే. పూడిక తీసి గట్టు మీదే కుప్ప పోస్తారు, ఫొటో దిగుతారు, బిల్లు పెడతారు. గాలి తగలని అడుగు బురదలో ఈ లోహాలని చాలావరకు గంధకం పట్టుకుని ఉంటుంది. ఎండలో ఆరబెట్టారా, ఆ పట్టు సడలి, మొదటి వానకే మళ్ళీ గెడ్డలోకి. మిగిలిన మట్టి ట్రాక్టర్లెక్కి ఎవరి పొలానికి పోతుందో, ఎవరి ఇటుక బట్టీకి పోతుందో ఆ డ్రైవర్లకే ఎరుక. జపాన్‌లో మినమాటా అని ఒక ఊరుంది. పాదరసం జబ్బు అక్కడ 1956లో బయటపడింది. అక్కడి సముద్రంలో బురద పని 1977లో మొదలుపెట్టి 1990 దాకా చేశారు. అడుగు కదిలి మురికి పైకి లేవకుండా తోడి, సుమారు 15 లక్షల ఘనపు మీటర్ల బురదని కట్ట లోపల పూడ్చి, పైన మంచి మట్టి కప్పారు. మన దగ్గర అయితే వేసవి పనుల్లో నెల రోజుల్లో పూర్తి చేసేసేవాళ్ళు.

కాబట్టి తమరిని కోరేదేమిటంటే, ఈసారి ఒంటరిగా రావద్దు. కోర్ గొట్టం గారిని వెంటబెట్టుకుని రండి. ఆయన్ని బురదలోకి నిలువుగా దించి లాగితే పొరలు పొరలుగా వస్తుంది, పైన నిన్నమొన్నటిది, కింద పాతది. ఏ పొరలో ఏముందో తేలితే ఏ కాలంలో వదిలారో కూడా తేలిపోవచ్చు. ఆయన్ని ఎవరూ పిలవకపోవడానికి కారణం అదేనేమో! పడవ మాది, డీజిల్ మాది. మా కుర్రాళ్ళలో చాలామంది వేటకి గుజరాత్‌లోని వీరావల్ పోయారు, ఉన్నవాళ్ళం తెడ్డు పడతాం.

ఇంకొక్క మాట. తమరు ఏ రోజు వస్తారో మాకన్నా ముందు ఫ్యాక్టరీ గేటుకి తెలిసిపోతోంది. ఆ పూట ఫ్యాక్టరీ మురుగు గొట్టం మూతపడుతుంది, గెడ్డ తేటగా పారుతుంది. టూర్ ప్రోగ్రాం కాస్త కడుపులో పెట్టుకుని రండి.

ఇట్లు,
గెడ్డ మొగ జనం