పేజీకి వెలుతురు, మొగుడికి చీకటి

(రాత్రి పదకొండు దాటింది. శారద దిండుకు చేరగిలబడి డిటెక్టివ్ నవల చదువుతోంది. ట్యూబ్‌లైటు వెలుగుతోంది. పక్కన రాఘవరావు కళ్ల మీద మోచెయ్యి వేసుకుని పడుకున్నాడు. పడుకున్నాడంతే, నిద్రపోలేదు.)

రాఘవరావు: హంతకుడెవరో తేలిందా?

శారద: ఇంకా 120 పేజీలుంది.

రాఘవరావు: ఈలోగా నా సంగతి తేలిపోయేట్టుంది. ఆ లైటు తీసెయ్యవే.

శారద: తీసేసి? అక్షరాలు తడుముకుంటూ చదవనా?

రాఘవరావు: అందుకే నీకో చదువుకునే లైటు కొందామని గంట నుంచి వెతుకుతున్నా.

శారద: చూస్తూనే ఉన్నాను. వెలుతురుకి నిద్ర పట్టట్లేదంటూ ఫోను ముక్కుకి ఆనించుకుని మరీ వెతుకుతున్నారు.

రాఘవరావు: ఇదిగో, దొరికింది. 500 ల్యూమెన్ల వెలుతురు!

శారద: అన్ని ఏం చేసుకోను? అరడుగు దూరంలో ఉన్న కాగితానికి 20, 30 చాలు.

రాఘవరావు: ఆ ట్యూబ్‌లైటు 2000 ల్యూమెన్లు తెలుసా? ఇరవై ఎక్కడ, రెండు వేలు ఎక్కడ!

శారద: ట్యూబ్‌లైటు గదంతటికీ పంచాలి కదండీ. ఫ్యాను మీది దుమ్ముకీ, గోడ మీది బల్లికీ, మీ మొహానికీ పోగా మిగిలిందే నా పేజీకి. చిన్న దీపమైనా దగ్గరికి తెస్తే లెక్క మారిపోతుంది. దూరం సగం చేస్తే వెలుతురు నాలుగింతలు.

రాఘవరావు: ఎవరు చెప్పారు?

శారద: మీరే. అబ్బాయి పదో తరగతిలో ఉన్నప్పుడు వాడికి పాఠం చెప్పారు. వాడు నిద్రపోయాడు, నేను విన్నాను.

రాఘవరావు: (గొంతు సవరించుకుని) సరే. రంగు మాత్రం 6500 కెల్విన్. పట్టపగల్లా ఉంటుంది.

శారద: అర్ధరాత్రి పట్టపగలు ఎందుకు? 2700 ఉన్నది చూడండి. పాత ఫిలమెంటు బల్బు రంగు, పసుపుపచ్చగా ఉంటుంది.

రాఘవరావు: కెల్విన్ అంటే వేడి కొలతేగా, మరి పెద్ద నంబరున్న తెల్లదాన్నేమో చల్లటి లైటంటారు, చిన్న నంబరున్న పసుపుదాన్నేమో వెచ్చటి లైటంటారు! ఇదెక్కడి న్యాయం? కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడుతుంది, ఇంకా కాలిస్తే తెల్లబడుతుంది. ఆ లెక్కన తెల్లదే వేడి.

శారద: కొలిమి దగ్గర ఎవరూ నవల చదవరు లెండి. మామూలుగా తెల్లటి ఎల్ఈడీ లోపల ఉండేది నీలి దీపమే, పైన పసుపు పూత. ఆ నీలం ఎక్కువైతే ఒంటికి ఇంకా పగలే అనిపించి నిద్ర ఆలస్యమవుతుంది.

రాఘవరావు: ఆ నీలి ఎల్ఈడీకే 2014లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు, తెలుసా?

శారద: నోబెల్ వాళ్లకి, జాగారం మనకి.

(శారద సొరుగులోంచి, అమ్మాయి ఎప్పుడో వదిలేసి వెళ్లిన క్లిప్పు లైటు తీసి నవల అట్టకి తగిలించింది. ట్యూబ్‌లైటు ఆర్పింది. పుస్తకం మెల్లగా ముందుకి వంగి ఆమె ముక్కు మీద వాలింది.)

రాఘవరావు: (చీకట్లోంచి) బావుందా?

శారద: బరువుకి అట్ట వంగిపోతోంది. ఎడమ పేజీ ధగధగలాడుతోంది, కుడి పేజీ అమావాస్య. పేజీ తిప్పినప్పుడల్లా క్లిప్పు పీకి మళ్లీ పెట్టాలి.

రాఘవరావు: ఎడమ పేజీలే చదువు. సగంలో అయిపోతుంది, త్వరగా పడుకోవచ్చు.

శారద: హంతకుడు కుడి పేజీలో ఉంటే?

(దానికి రాఘవరావు దగ్గర జవాబు లేదు. లేచి, కరెంటు పోయినప్పుడు ఫ్యూజు చూసుకోవడానికి కొన్న హెడ్‌ల్యాంపు తెచ్చిచ్చాడు. శారద నుదుటికి పట్టీ బిగించుకుంది. న్యాయంగా చెప్పాలంటే ఇది బాగానే పనిచేసింది. చూపు ఎటు తిరిగితే వెలుతురూ అటే. వచ్చిన చిక్కల్లా అదే.)

శారద: ఏవండీ...

రాఘవరావు: అబ్బా! కళ్లు!

శారద: పిలిచానంతేగా.

రాఘవరావు: పిలువు. ఇటు తిరక్కు.

శారద: మాట్లాడేటప్పుడు నా మొహం చూడవని ముప్పై ఏళ్లుగా సణిగింది ఎవరు?

రాఘవరావు: ఇవాళ్టితో ఆ కోరిక వెనక్కి తీసుకుంటున్నా. ఆగు, మెడలో వేసుకునేది ఒకటుంది. రెండు పక్కలా రెండు చిన్న లైట్లు, చెరో పేజీకి. తల తిప్పినా అవి తిరగవు.

శారద: కుడి పేజీ బాధ తీరింది. ఎంతసేపు వెలుగుతుందిట?

రాఘవరావు: 60 గంటలు!

శారద: ఏ వెలుతురులో?

రాఘవరావు: (కిందికి, ఇంకా కిందికి, అక్షరాలు చీమల సైజుకి వచ్చేదాకా జరిపి) అన్నిటికంటే తక్కువ దాంట్లో.

శారద: అందులో పుస్తకం మంచం మీదే ఉందని తెలుస్తుంది, అంతే. ఎక్కువ దాంట్లో?

రాఘవరావు: 5 గంటలు.

శారద: దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు. అయిదు గంటల్లో ఓ నవల అవగొడతాను, చాలు. ఛార్జింగు పిన్ను మన ఫోన్లదేనా? ఇంట్లో ఉన్న వైర్లు వెతుక్కోవడానికే పొద్దు చాలట్లేదు.

రాఘవరావు: టైప్ సీనే. పైగా సీఆర్ఐ 95! రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి.

శారద: నల్లక్షరాలు నల్లగా కనబడటానికి 95 మార్కులెందుకండీ? బొమ్మల పుస్తకాలు చదివే రోజుకి చూద్దాం. మినుకుమినుకు సంగతి చూడండి ముందు. కొన్ని లైట్లు వెలుతురు తగ్గించమంటే నిజంగా తగ్గవు, సెకనుకి వందలసార్లు ఆరి వెలుగుతుంటాయి. కంటికి కనబడకపోయినా కొందరికి తలనొప్పి వస్తుంది.

రాఘవరావు: అది ఫోటో చూసి ఎలా చెప్పను?

శారద: చెప్పలేరు. వచ్చాక, వెలుతురు తగ్గించి ఫోన్ కెమెరాలోంచి చూద్దాం. తెర మీద నల్లగీతలు పరుగెత్తాయంటే తిప్పి పంపెయ్యడమే. వెనక్కి తీసుకుంటారా?

రాఘవరావు: తీసుకుంటారు. ఇదిగో, ఆర్డరు పెట్టేశా. హమ్మయ్య.

(అది వచ్చేదాకా హెడ్‌ల్యాంపే. శారద గోడ వైపు తిరిగి పడుకుని పుస్తకం తెరిచింది. రాఘవరావు కళ్లు మూశాడు. ఇన్నాళ్లకి కావలసినంత చీకటి. ఒక పేజీ తిరిగింది. కాసేపటికి ఇంకో పేజీ.)

రాఘవరావు: శారదా.

శారద: అటు తిరగమంటారా?

రాఘవరావు: వద్దొద్దు! పేజీ కాస్త చప్పుడు కాకుండా తిప్పలేవూ?

శారద: చెవుల్లో దూది పెట్టుకోండి.

రాఘవరావు: దూదెందుకే, ఇయర్‌ప్లగ్గులే ఉంటే? 27 డెసిబెల్స్ తగ్గించేవి తీసుకోనా, 33వా?

(శారద జవాబు చెప్పలేదు. ఇటు తిరిగింది.)

రాఘవరావు: అబ్బా! కళ్లు!